కంచె వేశాక పిట్టలు వెళ్ళిపోయాయి: ఒక చిత్తడి నేల రిజర్వు కేస్ స్టడీ

కంచె వేసిన నాలుగో ఏడు, గూళ్ళ లెక్కకు వెళ్ళిన మొదటి రోజే నాకు భయం వేసింది. ఇంకా తెల్లవారకముందే గేటు తీసి లోపలికి నడిచాను. మామూలుగా ఆ వేళలో మనిషి అడుగు పడితే చాలు, తీతువులు నెత్తి మీద తిరుగుతూ గోల పెడతాయి. గూడు దగ్గరికి రావద్దని చెప్పే గోల అది. ఆ రోజు ఏ గోలా లేదు. గడ్డి నా నడుము దాకా ఉంది. మంచుకు ప్యాంటు తడిసి ముద్దయింది. గట్టు మీది నుంచి తూము దాకా పోయి వచ్చినా ఒక్క తీతువు లేవలేదు. మొదటి ఏడు ఇదే దారిలో నడిచి నోట్‌బుక్‌లో రెండు పేజీల నిండా గూళ్ళ గుర్తులు పెట్టుకున్నాను. ఈసారి తేదీ, గాలి, మబ్బు రాసుకుని పుస్తకం మూసేశాను.

ఒక స్వచ్ఛంద సంస్థ దాతల డబ్బుతో నడిపే చిన్న రిజర్వు అది. దాని బాధ్యత నాది. పిట్టల కోసమని మేం చేసిన పనే పిట్టలను పోగొట్టింది. అది ఎలా జరిగిందో, మాకు ఎలా తెలిసిందో, తర్వాత ఏం మార్చామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి నేలలను చూసుకునే చిన్న సంస్థలు చాలానే ఉన్నాయి. వాళ్ళలో కొందరైనా ఈపాటికి కంచెకు కొలతలు తీసుకుంటూ ఉంటారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

నేల, దాని లెక్క

పెద్ద లోతు లేని మడుగు, చుట్టూ తడి గడ్డినేల. వానలకు నిండుతుంది, ఎండలకు మెల్లగా వెనక్కి తగ్గుతుంది. నీళ్ళు తగ్గేకొద్దీ బయటపడే బురద అంచే ఆ నేలకు ప్రాణం. ఆ బురదలో పురుగులు, చిన్న నత్తలు ఉంటాయి. వాటి కోసం ఉల్లంకులు, పొడుగు గులాబీ కాళ్ళ స్టిల్ట్‌లు వస్తాయి. కొంచెం వెనక, పొట్టి గడ్డి ఉన్నచోట తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. దాని గూడంటే ఒక చిన్న గుంట, చుట్టూ కొన్ని గులకరాళ్ళు, అంతే. నాలుగు గుడ్లు, మట్టిరంగులో మచ్చలతో. పక్కనే నిలబడినా కనిపించవు. దాదాపు నాలుగు వారాలు పొదుగుతుంది. పిల్లలు పుట్టిన రోజే నడిచి, తమ తిండి తామే ఏరుకుంటాయి. తల్లి నోట్లో పెట్టదు, కాపలా మాత్రమే కాస్తుంది. ఈ ఒక్క సంగతి మేం మొదట్లోనే సరిగా పట్టుకుని ఉంటే మిగతా కథ జరిగేది కాదు. నడిచి తినే పిల్లకు నడవడానికి వీలైన నేల కావాలి.

మా సంస్థ ఈ నేలను దీర్ఘకాలం లీజుకు తీసుకునేటప్పటికి అక్కడ తరాలుగా పశువులు మేస్తున్నాయి. చుట్టుపక్కల కాపరుల గేదెలు, ఆవులు నీళ్ళు తగ్గేటప్పుడు దిగి, మళ్ళీ వానలు పడేదాకా ఉండేవి. మా కళ్ళకు అవి ప్రమాదంగా కనిపించాయి. గుడ్లు తొక్కిన గూడు ఒకటి నేనే చూశాను. ఫొటో తీశాను. పగిలిన పెంకు, పక్కన గిట్ట గుర్తు. విరాళాలు కోరుతూ పంపిన ఉత్తరంలో ఆ ఫొటోనే పెట్టాం. కంచెకు కావలసిన డబ్బు మేం అనుకున్నదానికన్నా చాలా త్వరగా వచ్చింది. ఆ ఫొటోలో అబద్ధం లేదు. కానీ ఆ పొలంలో ఆ రోజు తొక్కని గూళ్ళు ఎన్ని ఉన్నాయో దాతలకు చెప్పలేదు. మేం కూడా ఆలోచించలేదు.

కాపరులతో ఒక మీటింగ్ జరిగింది. మాట్లాడింది మేమే. వాళ్ళు విని వెళ్ళిపోయారు. ఆ వేసవికి కంచె పూర్తయింది.

నాలుగేళ్ళలో ఏం జరిగింది

మొదటి ఏడు అందరికీ సంతోషమే. గడ్డి పచ్చగా లేచింది, ఎన్నడూ చూడని పూలు పూశాయి. వార్షిక నివేదిక కవరు మీద ఆ పూల ఫొటో వేశాం. తీతువులు కూడా ఆ ఏడు బాగానే గూళ్ళు పెట్టాయి, ఎందుకంటే వాటికి అలవాటైన పొట్టి గడ్డి ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని మేం కంచె ఫలితం అనుకున్నాం.

రెండో ఏడు జమ్ము లోపలికి నడిచింది. నడిచింది అనే మాట కావాలనే వాడుతున్నాను. జమ్ము కేవలం గింజతో రాదు, నేల కింద దుంపవేరుతో అంచు వెంబడి ముందుకు జరుగుతుంది. ఇంతకుముందు లేత మొలకలను గేదెలు తినేసేవి, మిగిలినవి తొక్కేవి. ఇప్పుడు అడ్డు లేదు. నీళ్ళు తగ్గినప్పుడు బయటపడాల్సిన బురద అంచు జమ్ము కింద మాయమైంది. స్టిల్ట్‌లు వచ్చి, రెండు రోజులు తిరిగి, వెళ్ళిపోయాయి.

మూడో ఏడు గడ్డి ముదిరి, పడిపోయి, దాని మీద కొత్త గడ్డి మొలిచి పరుపులా తయారైంది. కాలు పెడితే నేల తగలదు. తీతువులు అరకొరగా వచ్చాయి. అదే ఏడు మమ్మల్ని మోసం చేసిన లెక్క ఒకటి వచ్చింది. మొత్తం పక్షి జాతుల సంఖ్య పెరిగింది! జమ్ములో ఉండే చిన్న పిట్టలు, ఊదారంగు నీటికోళ్ళు, దట్టమైన గడ్డి ఇష్టపడేవి కొత్తగా చేరాయి. సంస్థ పాలక బోర్డుకు మేం చూపించిన గ్రాఫు పైకే వెళ్ళింది. కానీ ఆ నేలను మేం తీసుకున్నదే పొట్టి గడ్డిలో, బురద అంచులో బతికే పిట్టల కోసం. వాటికి చుట్టుపక్కల వేరే చోటు లేదు. జమ్ములో ఉండే పిట్టలకు కాలువ గట్టు నిండా చోటుంది. జాతులన్నీ కలిపి ఒకే అంకెలో వేస్తే ఈ తేడా కనిపించదు. అప్పటి నుంచి నేను మొత్తం జాతుల సంఖ్యను నివేదికలో మొదటి పేజీలో వేయడం మానేశాను.

ఇంకో సంగతి ఆలస్యంగా గమనించాం. కంచె స్తంభాలు. అంతకుముందు ఆ మైదానంలో కాకి కూర్చోవడానికి ఎత్తైన చోటు లేదు. ఇప్పుడు కొన్ని అడుగులకొక స్తంభం. తీతువు చెట్లు ఉన్నచోట గూడు పెట్టడానికి ఇష్టపడకపోవడానికి కారణం ఇదే. పైనుంచి చూసేవాడు ఉంటాడని దానికి తెలుసు. మేమే చుట్టూ కాకులకు కుర్చీలు వేసి పెట్టాం.

తప్పు చోట వెతికిన ఏడాది

నాలుగో ఏడు ఖాళీ నేల చూశాక కూడా మేం వెంటనే కంచెను అనుమానించలేదు. దాతల పేర్లు దాని బోర్డు మీద ఉన్నాయి. దాని కోసం నేను స్వయంగా ఉత్తరాలు రాశాను. మనం ప్రేమతో చేసిన పనిని అనుమానించడం మనసుకు చాలా కష్టం. అందుకే మొదట కుక్కలను అనుమానించాం, తర్వాత ముంగిసలను, తర్వాత ఎగువ పొలాల పురుగుమందులను. నీళ్ళ శాంపిళ్ళు తీశాం. ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాపులు పెట్టాం.

ఆ కెమెరాలే మా కళ్ళు తెరిపించాయి, వేరే విధంగా. గుడ్లు ఎవరో తింటున్నారని వెతుకుతుంటే, గడ్డిలో అసలు గుడ్లే పెట్టడం లేదని తేలింది. మిగిలిన కొద్ది తీతువుల జంటలు వచ్చి, గట్టు మీది బాట వెంట నడిచి, గడ్డిలోకి రెండడుగులు వేసి వెనక్కి వస్తున్నాయి. ఆ నేలంతటిలో అవి వాడుతున్నది మా జీపు టైర్లు తిరిగిన బాట ఒక్కటే. ఆ ఏడు దొరికిన రెండు గూళ్ళూ ఆ బాట అంచునే ఉన్నాయి.

ఆ వారంలోనే కంచె అవతల ఒక పెద్దాయన కనిపించాడు. ఒకప్పుడు లోపల మందను తోలినవాళ్ళలో ఒకడు. ఇప్పుడు రోడ్డు పక్కన మేపుకుంటున్నాడు. పలకరించాను.

"పెద్దయ్యా, తీతువులు ఎటు పోయాయో చూశావా?"

"అవతలి బీడులోకి పోయాయి సారూ. మా గొడ్లు ఆడే ఉన్నాయిగా."

"గొడ్లుంటే తొక్కుతాయి కదా?"

"తొక్కుతాయి. ఒకటో రెండో తొక్కుతాయి. గడ్డి ఇంత పెరిగితే పిల్ల ఎట్టా నడుస్తది? దాని కాలు ఎంత, గడ్డి ఎంత?"

ఆ బీడుకు మర్నాడు వెళ్ళాను. ఏ రక్షణా లేని, ఎవరూ పట్టించుకోని నేల. పశువులు పీకిన పొట్టి గడ్డి, గిట్టల గుంటల్లో తడి, పేడ చుట్టూ ఈగలు. తీతువులు నెత్తి మీద గోల పెట్టాయి. అక్కడ నిలబడి చాలాసేపు కదల్లేకపోయాను.

ఇది మాకొక్కరికే జరగలేదు

ఆ తర్వాత చదివాను. ముందే చదవాల్సింది. మాకన్నా చాలా పెద్దవాళ్ళు ఇదే దారిలో నడిచి, తమ అనుభవాన్ని రాసి పెట్టారు.

అన్నిటికన్నా దగ్గరి కేసు రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ జాతీయ పార్కు. సుమారు 29 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల, ఒకప్పుడు రాజుల బాతుల వేటకు నీళ్ళు కట్టి తయారు చేసింది. 1981లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 1982 నవంబరులో లోపల పశువుల మేతను నిషేధించారు. చుట్టుపక్కల గ్రామాల వాళ్ళు నిరసన తెలిపారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. 1883లో పుట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అక్కడ ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, గేదెలు లేకపోయేసరికి పాస్పాలమ్ అనే నీటిగడ్డి మడుగులను కమ్మేసింది. తెరిచి ఉన్న నీళ్ళు తగ్గాయి, చాలా పక్షులకు చోటు పోయింది. గేదెలు అప్పటిదాకా జీతం లేకుండా చేస్తున్న పనిని ఎవరూ లెక్కలో రాయలేదు. మా నేల దానితో పోలిస్తే ఒక మూల ముక్క. జరిగింది మాత్రం అదే. మా దగ్గర ఎవరి ప్రాణమూ పోలేదు, అంతవరకు మా అదృష్టం.

ఇంగ్లండ్‌లో వికెన్ ఫెన్ అనే చిత్తడి నేల, పాత కట్టడాలను, నేలలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చిన మొదటి ప్రకృతి రిజర్వు. మొదటి ముక్క 1899లో కొన్నారు. అప్పటిదాకా అక్కడి జనం తుంగ, గడ్డి కోసుకునేవాళ్ళు, పొయ్యిలోకి పీట్ అనే బురదమట్టి తవ్వుకునేవాళ్ళు. ఆ కోత తగ్గిపోయాక పొదలు లేచి తెరిపి నేలను మింగేశాయి. తర్వాత పొదలు నరకడానికి, కోతను మళ్ళీ మొదలుపెట్టడానికి, పశువులను, గుర్రాలను తెచ్చి మేపడానికి దశాబ్దాలు పట్టింది.

నన్ను బాగా కదిలించింది లార్జ్ బ్లూ అనే నీలం సీతాకోకచిలుక కథ. దాని గొంగళి మొదట కొన్ని వారాలు అడవి థైమ్ అనే చిన్న మొక్క పూలు తింటుంది. తర్వాత నేల మీద పడి, చీమల పిల్లలాగా నటిస్తుంది. ఒక రకం ఎర్రచీమ దాన్ని తన పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. అక్కడ అది పది నెలల దాకా చీమల పిల్లలను తిని బతుకుతుంది. ఈ సీతాకోకచిలుక బ్రిటన్‌లో తగ్గిపోతుంటే, సేకరణ కోసం దాన్ని పట్టుకుపోయేవాళ్ళే కారణమని తలచి కొన్నిచోట్ల కంచెలు వేశారు. కంచె పశువులనూ ఆపింది. మరోపక్క 1950లలో వచ్చిన రోగంతో కుందేళ్ళూ పోయాయి. గడ్డి కొద్ది సెంటీమీటర్లు పెరిగింది. పెరిగిన గడ్డి నీడకు నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడింది. కావలసిన ఆ ఒక్క రకం చీమ వెళ్ళిపోయి, వేరే చీమ వచ్చింది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త రోజుల తరబడి గడ్డిలో కూర్చుని ఈ లంకె కనిపెట్టేసరికి ఆలస్యమైంది. 1979లో బ్రిటన్‌లో అది పూర్తిగా అంతరించింది. తర్వాత గడ్డిని పశువులతో మేపించి పొట్టిగా మార్చి, 1983 నుంచి స్వీడన్ నుంచి తెచ్చి వదిలితే నిలబడింది. ఆ సెంటీమీటర్ల లెక్క చదివిన రాత్రి, మా మైదానంలో నడుము దాకా తగిలిన గడ్డి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

బోర్డు ముందు, తర్వాత పొలంలో

బోర్డు మీటింగులో "కంచె తెరవాలి" అనగానే గది నిశ్శబ్దమైంది. ఒక సీనియర్ సభ్యురాలు సూటిగా అడిగారు: "మీ ఫొటో చూసి డబ్బిచ్చినవాళ్ళకు ఇప్పుడు ఏం చెప్తారు?" ఇంకొకరు పశువులు నిజంగానే గుడ్లు తొక్కుతాయి కదా అన్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అందుకే ఒక్కసారిగా తెరవకుండా ముందు పరీక్ష పెట్టడానికి ఒప్పించాను.

తూముకు పడమట పక్కపక్కనే మూడు తుంటలు, అంటే చిన్న నేల ముక్కలు గీశాం. ఒకదానిలో పశువులను దించాం. ఒకదానిలో మనుషులతో గడ్డి కోయించాం. మూడోది అలాగే వదిలేశాం. ప్రతి నెల ఒకే చోట నిలబడి ఒకే దిక్కుకు ఫొటో తీశాం. గీతలు పెట్టిన కర్రతో గడ్డి ఎత్తు కొలిచాం. ఉదయం ఒక గంట కూర్చుని ఏ పిట్ట ఏ తుంటలో దిగుతోందో రాశాం.

వదిలేసిన తుంటలో మార్పు లేదు. కోసిన తుంట, మేసిన తుంట రెండూ పొట్టిగా అయ్యాయి కాబట్టి రెండూ సమానంగా పనిచేస్తాయని నేను అనుకున్నాను. కాలేదు. కోసిన గడ్డి చాపలా ఒకే ఎత్తులో ఉంటుంది. పశువు అలా మేయదు. ఒకచోట మొదలంటా పీకుతుంది, తన పేడ పడ్డచోట ముట్టుకోదు, అక్కడ దుబ్బు మిగులుతుంది. గిట్టల గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. పేడలో పురుగులు పుడతాయి. పిల్లకు నడవడానికి పొట్టి గడ్డి, కాకి నీడ పడితే దూరడానికి దుబ్బు, తినడానికి పురుగు, మూడూ పక్కపక్కనే ఉంటాయి. ఆ వేసవి చివర తీతువులు మేసిన తుంటలోనే దిగాయి. కోసిన తుంటలో ఎప్పుడో ఒకసారి.

ఆ ఫొటోలు బోర్డు బల్ల మీద వరసగా పెట్టాక వాదన ఎక్కువసేపు సాగలేదు.

కొత్త పద్ధతి

కాపరులతో మళ్ళీ కూర్చున్నాం. ఈసారి మేం వినడానికి వెళ్ళాం. మొదటి రోజు వాళ్ళు పనిమాట ఎత్తలేదు, మేం వాళ్ళను పంపేసిన తీరు గురించే మాట్లాడారు. అది వినాల్సిందే, విన్నాం. క్షమాపణ చెప్పాం. ఆ తర్వాతే ఒప్పందం దగ్గరికి వచ్చాం.

ఎన్ని పశువులు దిగాలి అనే అంకెతో మొదలుపెట్టాం గానీ అది పనిచేయలేదు. ఒక ఏడు గడ్డి బాగా వస్తుంది, ఒక ఏడు రాదు. అందుకే ఇప్పుడు గడ్డి ఎత్తును బట్టి నడుపుతున్నాం. గూళ్ళ కాలం మొదలయ్యే ముందు మైదానంలో ఎక్కువ భాగం 5 సెంటీమీటర్ల లోపు ఉండాలి, అక్కడక్కడా 15 సెంటీమీటర్ల దుబ్బులు మిగలాలి. ఎత్తు మిగిలి ఉంటే పశువులు ఇంకా ఉంటాయి, తగ్గిపోతే ముందే బయటికి. కర్రతో కొలిచేది నేనూ ఒక కాపరీ కలిసి. కొలత విషయంలో మాకెప్పుడూ గొడవ రాలేదు, ఎందుకంటే కర్ర ఇద్దరి ముందూ ఉంటుంది.

మందుల సంగతి చాలామంది వదిలేస్తారు, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. పశువులకు నులిపురుగులు పోవడానికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు పేడలో బయటికి వస్తాయి. ఆ పేడలో పెరగాల్సిన పేడపురుగుల, ఈగల పిల్లలు చచ్చిపోతాయి. మనం పశువును దించిందే పురుగు పుట్టాలని. మందు వేసిన పశువును వెంటనే దించితే పైకి అంతా బాగానే కనిపిస్తుంది, పిట్ట పిల్లకు మాత్రం తిండి ఉండదు. కాపరికి ఈ మందు అవసరం, వద్దనే హక్కు మాకు లేదు. అందుకని పశువైద్యుడి ఖర్చు సంస్థ పెట్టుకుంటోంది. అవసరమైన పశువుకే మందు వేయిస్తున్నాం, వేసిన కొన్ని వారాల తర్వాతే అది లోపలికి దిగుతుంది.

జమ్ము మీద గేదెలు ఒక్కటే చాలలేదు. ముదిరిన జమ్మును అవి ముట్టుకోవు. దాన్ని నీళ్ళ కింద కోయాలి. జమ్ము దుంపవేరు బురదలో గాలి లేనిచోట ఉంటుంది, ఆకుల కాడల గుండానే దానికి గాలి అందుతుంది. ఎండిన కాడ కూడా గొట్టంలా పనిచేస్తుంది. నీటిమట్టానికి పైన కోస్తే మళ్ళీ లేస్తుంది. నీళ్ళ కింద కోసి, ఆ మొదళ్ళు కొన్ని వారాలు మునిగే ఉండేలా నీళ్ళు నిలబెడితే దుంప కుళ్ళిపోతుంది. మొదటిసారి ఈ సంగతి తెలియక పైన కోయించాం, రెండు నెలల్లో ఎప్పటిలా లేచింది. ఒక ఏడాది కూలి దానికే పోయింది.

నీళ్ళను ఇప్పుడు తూము పలకలతో నడుపుతున్నాం. 1960లలో ఇంగ్లండ్‌లోని మిన్స్‌మియర్ రిజర్వులో బర్ట్ ఆక్సెల్ అనే వార్డెన్ లోతు తక్కువ మడుగులు తవ్వించి, మధ్యలో చిన్న చిన్న దిబ్బలు వదిలాడు. స్టిల్ట్‌కు చుట్టమైన అవోసెట్ పిట్ట కోసం చేసిన పని అది. అదే పద్ధతిలో మేం మూడు దిబ్బలు వేశాం. నీళ్ళు మెల్లగా తగ్గాలి, ఒక్కసారి కాదు. గూళ్ళు పెట్టాక మళ్ళీ పెరగనే కూడదు. పెరిగితే దిబ్బ మీది గుడ్లు తేలిపోతాయి.

కంచెను లోపలి పక్క పూర్తిగా పీకేశాం. రోడ్డు వైపు మాత్రం ఉంచాం, స్తంభాల తలలు పొట్టిగా కోసి.

ఒక దెబ్బ

కొత్త పద్ధతి వచ్చిన రెండో ఏడు నా తప్పు వల్ల గూళ్ళు పోయాయి. గూళ్ళ కాలంలో పశువులు బయట ఉండి, పిల్లలు ఎగిరాక లోపలికి దిగాలని ఒప్పందం. ఆ దిగే రోజును నేను క్యాలెండరులో తేదీగా రాశాను. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, నీళ్ళు ఆలస్యంగా తగ్గాయి, పిట్టలూ ఆలస్యంగా గుడ్లు పెట్టాయి. తేదీ వచ్చింది, ఒప్పందం ప్రకారం మంద దిగింది. సాయంత్రానికి కబురు వచ్చింది. వెళ్ళి చూస్తే ఏళ్ళ కిందట ఫొటో తీసిన దృశ్యమే మళ్ళీ, ఒకచోట కాదు, చాలాచోట్ల. కబురు పంపింది కూడా కాపరే. మందను తనే వెనక్కి తోలి, మిగిలిన గూళ్ళ పక్కన కర్రలు పాతి మాకోసం ఎదురుచూస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఒప్పందంలో తేదీ లేదు. చివరి పిల్ల ఎగిరిందని ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి చెప్పాకే మంద దిగుతుంది.

ఇప్పుడు

స్టిల్ట్‌లు ముందు తిరిగొచ్చాయి, దిబ్బలు వేసిన మొదటి ఏడే. తీతువులు నెమ్మదిగా వచ్చాయి. మొదట మేసిన తుంట చుట్టూ, తర్వాత మైదానమంతా. కంచెకు ముందున్న లెక్కకు ఇంకా చేరలేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండుతోంది, రెండో పేజీలోకి ఇంకా వెళ్ళలేదు. జమ్ము పిట్టలు తగ్గాయి. వాటి కోసం ఉత్తరం మూల ఒక తుంటను జమ్ముతోనే ఉంచాం. కంచె వేసిన మొదటి ఏడు పూసిన పూలు కొన్ని ఇప్పుడు కనిపించవు, నాకు ఆ బాధ ఉంది. ఒక చిన్న రిజర్వులో అన్నీ ఉండవు, ఏది ఇక్కడే ఉండాలో తేల్చుకుని, దాని కోసం మిగతావి కొంత వదులుకోవాలి.

దాతలకు ఉత్తరం నేనే రాశాను. పాత ఫొటో మళ్ళీ పెట్టి, పక్కన బీడులో తీతువు గూడు ఫొటో పెట్టి, జరిగింది జరిగినట్టు రాశాను. కొందరు విరాళం ఆపేశారు. ఒకరు కంచె కోసం ఇచ్చిన డబ్బు ఏమైందని అడిగారు. ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్ళకుంది, పూర్తి లెక్క పంపాం. కానీ చాలామంది ఉండిపోయారు. వాళ్ళలో కొందరు మొదటిసారి పొలం చూడటానికి వచ్చారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒక పని కోసమని ఇచ్చిన డబ్బును సంస్థ ఇంకో పనికి వాడకూడదు. కంచెకు, వాచ్‌టవర్‌కు, మొక్కలు నాటడానికి డబ్బు దొరుకుతుంది. ఫొటో తీయగలిగే పనులవి. తూము పలక తీసే మనిషి జీతానికి, పశువైద్యుడికి, నీళ్ళ కింద జమ్ము కోసే కూలికి ప్రతి ఏటా కావాలి, వాటి మీద ఎవరి పేరూ చెక్కలేం. ఇప్పుడు ఏ కొత్త నేల తీసుకోవాలన్నా, దాని రోజువారీ పనికి ఏటా ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద తేలాకే బోర్డు ముందుకు తెస్తున్నాం. అందువల్ల ఒక మంచి నేల ఈమధ్యే వదులుకున్నాం. వదులుకోవడం బాధగానే ఉంది.

ఇంకో టెన్షన్ కాపరుల గురించి. ఆ పెద్దాయన ఈ ఏడు రాలేకపోయాడు, మోకాళ్ళు సహకరించడం లేదు. ఆయన మనవడికి పశువుల మీద మనసు లేదు, తప్పు పట్టలేను. వచ్చే మందలు తగ్గుతున్నాయి. సంస్థే సొంతంగా మంద పెట్టుకోవాలా, కాపరికి ఏటా జీతంలా ఇచ్చి నిలుపుకోవాలా అని లెక్కలు వేస్తున్నాం. నా మొగ్గు రెండోదాని వైపే. గొడ్డును కొనవచ్చు గానీ, గూడు కనపడగానే మందను వెనక్కి తోలే మనిషిని కొనలేం.

పది రోజుల్లో గూళ్ళ లెక్క మొదలవుతుంది. పడమటి తుంటలో నీళ్ళు ఇంకా జానెడు ఎక్కువున్నాయి. రేపు పొద్దున తూములో ఒక పలక తీయాలి, ఒక్కటే.